బొబ్బిలి కథను బొమ్మల్లోకి, తెర మీదికి, ఆటలోకి తేవడం ఎలా

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి బొబ్బిలి కథను ఎవరూ కూర్చోబెట్టి చెప్పనక్కరలేదు. 1757 జనవరి 24న బుస్సీ నడిపిన ఫ్రెంచి సేనలు, వారితో కలిసిన విజయనగరం సేనలు బొబ్బిలి మట్టికోటను పడగొట్టడం, కోటలోని స్త్రీలూ పిల్లలూ ప్రాణాలు కోల్పోవడం, ఆ సమయానికి రాజాంలో ఉండిపోయిన బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు తరువాత ఒక రాత్రి గుడారంలోకి చొరబడి విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజును చంపడం ఇక్కడ అందరికీ తెలిసినవే. జంగాలు దానిని పాడారు, బుర్రకథకులు చెప్పారు, 1964లోనూ 1986లోనూ అది సినిమాగా వచ్చింది. మన ప్రాంతంలో కామిక్ గీయాలని, చిన్న సినిమా తీయాలని, వీడియో గేమ్ చేయాలని ఉబలాటపడేవారికి మొదట తట్టేది కూడా ఈ కథే కనుక, కథను ఒక మాధ్యమం నుంచి మరొక మాధ్యమంలోకి మార్చే పద్ధతిని దీనినే ముందు పెట్టుకుని వివరిస్తాను.

పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి: కథ నడిచే వేగం ఎవరి చేతిలో ఉంది? బుర్రకథలో అది కథకుడి చేతిలో ఉంటుంది. జనం కదిలితే ఆ ఘట్టాన్ని సాగదీస్తాడు, ఆవులిస్తే పక్కన వంతపాడేవాళ్లకు సైగ చేసి ముందుకు దూకుతాడు. కామిక్‌లో పుట తిప్పే పాఠకుడి వేళ్లలో, సినిమాలో ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నవారి చేతిలో, గేమ్‌లో ఆడేవారి చేతిలో ఉంటుంది. కథ మాధ్యమం మారినప్పుడు అసలు మారేది ఇదే. సంఘటనలన్నీ వరుస తప్పకుండా ఉన్నాయా లేదా అని చూసుకోవడం తరువాతి సంగతి.

ఈ తేడా తెలియక మేము కొందరం మిత్రులం మొదటి ప్రయత్నంలోనే బోల్తా పడ్డాము. నాటక ఫక్కీలో రాసుకున్న సంభాషణలను తెచ్చి నలభై పుటల కామిక్‌లో కుదించాము. మాటల బుడగలు పాత్రల ముఖాలను, వెనుకనున్న కోట బురుజులను కూడా కప్పేశాయి. చదవమని ఇచ్చిన పిల్లల్లో ఒకడు ఆరో పుట దగ్గర ఆగి, "బొమ్మలెక్కడున్నాయి?" అని అడిగాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

కథను ఎంచుకోగానే హక్కుల సంగతి చూసుకోవాలి. జనం నోట నిలిచిన బొబ్బిలి కథను, చరిత్రలో జరిగిన సంఘటనలను ఎవరైనా వాడుకోవచ్చు. అయితే ఒక సినిమా కోసమో నాటకం కోసమో ఒకరు కొత్తగా కల్పించిన సన్నివేశాలు, రాసిన మాటలు, పాటలు వారివి. చిన్నప్పటి నుంచి విన్న మాట జానపదమో సినిమా రచయితదో మనకే గుర్తుండదు కాబట్టి, ఏ వాక్యం ఎక్కడిదో పక్కన రాసుకోవడం మంచిది. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లపాటు రచనపై హక్కు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలను అనుమతి లేకుండా మార్చుకోవచ్చు గాని, 2021లో కన్నుమూసిన కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) గారి కథలకు 2081 చివరి వరకు వారసుల అనుమతి కావాలి. అన్నట్టు, పాత కథల కోసం వెదికేవారు కారా మాస్టారు శ్రీకాకుళంలో 1997లో నెలకొల్పిన కథానిలయానికి ఒకసారైనా వెళ్లాలి. ఎవరూ ముట్టని కథలు అక్కడ ఎన్నో దొరుకుతాయి.

తరువాత కథను ఏ మాధ్యమమూ దృష్టిలో పెట్టుకోకుండా ఒకటి రెండు పుటల్లో రాసుకుని, నాలుగు రంగుల పెన్సిళ్లు తీసుకోవాలి. కంటికి కనిపించే వాక్యాలకు ఒక రంగు, చెవికి వినిపించే వాటికి ఒకటి, పాత్ర మనసులో జరిగే వాటికి ఒకటి, పాత్ర ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చిన చోట్లకు మరొకటి గీతలు గీయాలి. మొదటి రంగు ఎక్కువైతే కథ కామిక్‌కు లొంగుతుంది, రెండోది ఎక్కువైతే సినిమాకు, నాలుగోది ఎక్కువైతే గేమ్‌కు. మూడోదే నిండా ఉంటే దానిని కథగానే వదిలేయడం మేలని నా అభిప్రాయం. బొబ్బిలి కథలో తక్కిన మూడు రంగులూ పుష్కలంగా ఉన్నాయి, కాని అవి వేరువేరు ఘట్టాల్లో ఉన్నాయి. అందువల్ల ఒక్కొక్క మాధ్యమానికి ఒక్కొక్క ఘట్టాన్ని ఎంచుకోవాలి తప్ప మొత్తం యుద్ధాన్ని మూడుసార్లు చెప్పకూడదు.

కామిక్‌కు పాపారాయుడు గుడారంలోకి వెళ్లే రాత్రి సరిపోతుంది, ఎందుకంటే అక్కడ మాటలతో పని లేదు. పుటకు ఐదారు ప్యానెళ్లకు (బొమ్మ గళ్లకు) మించకుండా, చీకటిని నల్లసిరాతో నింపి, కావలివాడి దివిటీ వెలుగు పడినంత మేరే బొమ్మ కనిపించేటట్లు గీయవచ్చు. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి, ఉలిక్కిపడవలసిన బొమ్మను పుట తిప్పగానే కనబడే ఎడమవైపు పుటలో మొదట పెట్టాలి; కుడివైపు పుటలో పెడితే పాఠకుడి కన్ను ముందే అక్కడికి పోతుంది. రెండు ప్యానెళ్ల నడుమ ఖాళీలో జరిగినదాన్ని పాఠకుడే ఊహించుకుంటాడు కనుక, కత్తి ఎత్తడం ఒక ప్యానెల్‌లో, ఆరిపోయిన దీపం మరొక ప్యానెల్‌లో చూపితే చాలు.

బుడగల్లో తెలుగు రాసేటప్పుడు ఇంగ్లీషు కామిక్‌ల కొలత పనికిరాదు. పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య జాగా ఎక్కువ వదలాలి. పొడుగాటి సమాసాలను సగంలో విరవకూడదు. ఇక యాస సంగతి. మన ఉత్తరాంధ్ర మాటను తెర మీద నటుడు పలికితే చెవికి ఇంపుగా ఉంటుంది గాని, అదే మాటను ప్రతి అక్షరం ఉచ్చారణ ప్రకారం అచ్చు వేస్తే చదివేవారు తడుముకుంటారు. "ఏటి బావూ, ఎటెల్తన్నావు?" అన్నంత వరకు చాలు; తక్కిన వాక్యాలకు యాసను లయలోనే వినిపించవచ్చు. యాసను నవ్వులాటకు, మొరటు పాత్రలకు మాత్రమే అంటగట్టే పద్ధతిని మనమైనా మానుకోవాలి.

బుర్రకథ నుంచి కామిక్ తీసుకోదగినది ఇంకొకటి ఉంది. కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు కథను నేటి లోకానికి ముడిపెట్టి వ్యాఖ్యానిస్తారు. ప్యానెల్ పైనున్న పెట్టెలో కథకుడి గొంతు, పుట అంచున చిన్న బొమ్మలుగా ఇద్దరు వంతలు ఉంటే, చరిత్ర వివరణలతో పుటను బరువెక్కించే పని తప్పుతుంది. గేమ్‌లో వెంట నడిచే తోడు పాత్రకు కూడా ఈ వంత స్వభావమే అతుకుతుంది.

సినిమా గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే దాని గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. స్క్రిప్టులో ఒక పుట తెర మీద సుమారు ఒక నిమిషమని లెక్క. పది నిమిషాల సినిమాకు పది పుటలు దాటితే కోసేయాలి. ఫిరంగులను, గుర్రాలను చూపే స్తోమత మనకు లేదు కాబట్టి, యుద్ధాన్ని కోట లోపలి గదిలో కూర్చున్నవారి చెవులతో వినిపించాలి: దూరాన ఫిరంగి మోత, గోడ నుంచి రాలే మట్టి, హఠాత్తుగా నిశ్శబ్దం. కామిక్ గీసి ఉన్నారు కదా అని దానినే షాట్ల వరుసగా వాడుకోబోతే తేలిపోతుంది. బాపు సినిమా తీసే ముందు షాట్లను బొమ్మలుగా గీసుకునేవారు, కాని ఆ బొమ్మలు కెమెరా కోసం గీసినవి. పుటపై నిలిచి ఉండవలసిన బొమ్మకు, రెండు సెకన్లలో పోయే షాటుకు కూర్పు వేరుగా ఉంటుంది.

అసలు చిక్కంతా గేమ్‌తోనే. కోట పడిపోతుందని ఆడబోయేవారికి ముందే తెలుసు. కోటను కాపాడే అవకాశం ఇస్తే చరిత్ర అబద్ధమవుతుంది. ఇవ్వకపోతే ఎంత ఆడినా ఓటమే గనుక ఆడినవారికి ఒళ్లు మండుతుంది. దీనికి మార్గం, ఆటగాడిని రాజు స్థానంలోనో పాపారాయుడి స్థానంలోనో కాకుండా ఫలితం ముందే రాసి లేని మనిషి స్థానంలో నిలబెట్టడం. బొబ్బిలి నుంచి రాజాంకు వార్త మోసుకుపోయే వేగులవాణ్ణి ఊహించండి. (రాజాం 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది, పటం గీసేటప్పుడు ఈ సరిహద్దులను మరచిపోయి పాత దారులను గీయాలి.) వార్త సకాలంలో అందలేదన్నది మారదు. కాని దారిలో దాహంతో పడివున్న ముసలివాడి దగ్గర ఆగాలా, పల్లెవాళ్లను హెచ్చరించాలా, ఎవరిని నమ్మాలి అన్నవి ఆడేవారు తేల్చుకోవలసినవి. వారి తీర్పులను బట్టి ఎవరు బతికి కథను తరువాతి తరానికి చెబుతారో మారుతుంది.

గేమ్ రాసేటప్పుడు విశేషణాలు మాని క్రియలు రాయండి. "వీరుడు, పౌరుషవంతుడు" అంటే కంప్యూటరుకు అర్థం లేదు. పరుగెత్తు, దాక్కో, అడుగు, నమ్ము, పంచు అంటే ఉంది. కథకు తగిన ఐదారు క్రియలు దొరికాక, కాగితం మీద గళ్లు గీసి, చింతగింజలతో ఒక సాయంత్రం ఆడి చూడాలి. అక్కడ విసుగు పుట్టించిన ఆట తెర మీద రంగులు వేసినా బాగుపడదు. తొందర ఎంత చెరుపో చెప్పడానికి 1982 నాటి అటారీ అనే గేమ్ కంపెనీ ఉదాహరణ చాలు: పేరు మోసిన హాలీవుడ్ సినిమా ఈటీ ఆధారంగా సుమారు ఐదు వారాల్లో చేయించిన గేమ్ ఘోరంగా దెబ్బతింది, అమ్ముడుపోని క్యాసెట్లను అమెరికా ఎడారిలో పూడ్చారు, 2014లో తవ్వి తీశారు.

కాగితం ఆట కుదిరాక పరికరాలు ఉచితంగానే దొరుకుతాయి. మాటలతో, ఎంపికలతో సాగే కథకు ట్వైన్ చాలు. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది కనుక ఒత్తులు చెదరవు. బొమ్మలు, కదలికలు కావాలంటే గోడాట్ ఉంది. అందులో నాలుగో వెర్షన్ నుంచి తెలుగు వంటి లిపులు సరిగా కూడుతున్నాయి. ఏ పరికరమైనా మొదటి రోజే "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం" అని రాసి చూసుకోండి.

మూడు మాధ్యమాల్లోనూ జాగ్రత్త పడవలసిన ఘట్టం కోటలోని స్త్రీలూ పిల్లలూ ప్రాణాలు కోల్పోవడం. పాటలో అది శోకంగా వినిపిస్తుంది. కామిక్‌లో మూసిన తలుపు బొమ్మతో, సినిమాలో శబ్దంతో చెప్పవచ్చు. గేమ్‌లో మాత్రం దానిని బటన్ నొక్కి చేసే పనిగా ఎన్నడూ పెట్టకూడదు. ఆడేవారి చేతికి ఇవ్వకూడనివి కొన్ని ఉంటాయి. అలాగే విజయరామరాజును కోర మీసాల దుర్మార్గుడిగా గీయడం సులువే గాని, విజయనగరంలో ఆ కామిక్ పట్టుకుని తిరగడం అంత సులువు కాదు. ఆయన భయాలను, లెక్కలను కూడా నాలుగు ప్యానెళ్లలో చూపితే కథ చిక్కబడుతుంది.

కథను మార్చడం అపచారమని సంకోచించేవారికి ఒక మాట: 1892లో విజయనగరంలో ప్రదర్శించి 1897లో అచ్చు వేసిన ఐదంకాల కన్యాశుల్కాన్ని గురజాడ తానే 1909లో ఏడంకాల కొత్త నాటకంగా తిరగరాశారు. నన్నడిగితే అందులో గేమ్‌కు సరిపోయే పాత్ర గిరీశం కాదు, మధురవాణి. అందరి గుట్టూ ఆమె దగ్గరికి వచ్చి చేరుతుంది, ఏది ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నదే ఆమె ఆట.

చివరి పని, పూర్తికాని ముసాయిదాను ఇద్దరికి చూపడం: బొబ్బిలి కథను పాటగా విన్న పెద్దవారు ఒకరు, అసలు వినని పిల్లవాడు ఒకడు. పక్కన కూర్చుని వివరించవద్దు. పెద్దాయన "ఇదిలా కాదు నాయనా" అన్న చోటును ఒక రంగుతో, పిల్లవాడు ఫోను వైపు చూసిన చోటును మరొక రంగుతో గుర్తు పెట్టుకోండి. రెండు గుర్తులూ ఒకే పుటలో పడితే ఆ పుటను దిద్దవద్దు, తీసేసి కొత్తగా రాయండి.