పొలం షెడ్డులో సోలార్ బ్యాటరీలకు నీళ్లు పోసే ముందు జాగ్రత్తలు

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో హిందూపురం వైపు పొలాలకు వెళ్లే మనవాళ్లు, కరెంటు లైను లేని చోట పెట్టుకున్న లెడ్ యాసిడ్ బ్యాటరీలకు నీళ్లు పోసే పనిని, అవి పూర్తిగా ఛార్జి అయి ఎండ వాలిన తరువాతే మొదలుపెట్టాలి. టమాటా పూత మీదున్న వారంలో మాత్రం వద్దు. ఏదైనా తేడా వచ్చి, ఆ బ్యాటరీలతో నడిచే మోటారు ఆగి తడి తప్పితే పూత రాలిపోతుంది.

డిస్టిల్డ్ వాటర్, ఫ్యూజులు బయలుదేరే ముందే బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొనుక్కోండి. బోరు నీళ్లు చెంబెడైనా పోయకూడదు, వాటిలోని లవణాలు బ్యాటరీ లోపలి సీసపు ప్లేట్లను తినేస్తాయి.

మూతలు తీసే ముందు ఉంగరాలు, వాచీ తీసేసి, కళ్లకు రక్షణ అద్దాలు, రబ్బరు చేతొడుగులు వేసుకోవాలి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక తలుపులు బార్లా తెరిచి, బీడీ, అగ్గిపుల్ల దరిదాపుల్లో లేకుండా చూడండి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. స్విచ్ ఆపినా, వెలుతురు ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి స్విచ్ దాకా వచ్చే వైర్లలో డీసీ వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. కంట్రోలరు (ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) దగ్గర ముందు ప్యానెల్ వైర్లు, ఆ తరువాతే బ్యాటరీ వైర్లు విప్పాలి. బిగించేటప్పుడు బ్యాటరీవే ముందు.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే, మూతలు బిగించి ఉండగానే తినే సోడా కలిపిన నీటితో తుడవండి.