పీజీలో ల్యాప్‌టాప్, ఊళ్లో కంప్యూటర్: ఆర్‌సింక్‌తో ఫైళ్లు సింక్ చేయడం ఎలా?

మారతహళ్లి పీజీలో ల్యాప్‌టాప్, అనంతపురంలో ఇంట్లో పాత డెస్క్‌టాప్. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లు చాలామందిది ఇదే లెక్క. ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, రాసుకున్న కోడ్ అన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. పండక్కి ఊరెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ఇంట్లో కాపీ చేస్తారు. మళ్లీ పండగ నాటికి ఏది కాపీ అయిందో, ఏది కాలేదో గుర్తుండదు. మొత్తం ఫోల్డర్ లాగి పడేయడం, రీప్లేస్ చేయాలా అని అడిగితే దేవుడి మీద భారం వేసి ఎస్ నొక్కడం.

ఈ పనికోసమే ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ ఉంది. 1996 జూన్‌లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ దీన్ని విడుదల చేశారు. ఇద్దరూ అప్పట్లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఉన్నారు. రెండు చోట్లా ఉన్న ఫైళ్లను పోల్చి, మారినవి మాత్రమే పంపుతుంది. పెద్ద ఫైల్లో కొంచెం మారితే ఆ కొంచెమే పంపుతుంది. అది ఎలాగో కింద చెబుతాను.

ఒక మాట. చదవడానికి వీలుగా కమాండ్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. టర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే కొట్టాలి. ఆర్‌సింక్ అంటే ఆర్, ఎస్, వై, ఎన్, సి, మధ్యలో ఖాళీ లేకుండా.

రెండు వైపులా ఉండాలి

పంపే కంప్యూటర్‌లోనూ అందుకునే కంప్యూటర్‌లోనూ ఆర్‌సింక్ ఉండాలి. ఉబుంటు లినక్స్‌లో లేకపోతే:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్‌సింక్

విండోస్ వాళ్లు ముందు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వేసుకుని, అందులో ఇదే కమాండ్ కొట్టాలి. మ్యాక్‌లో ముందే ఉంటుంది గానీ, చాలా ఏళ్లపాటు ఆపిల్ ఇచ్చింది 2.6.9 అనే పాత వెర్షన్. హోమ్‌బ్రూ (మ్యాక్‌లో ప్రోగ్రామ్‌లు వేసుకునే పనిముట్టు) నుంచి కొత్తది వేసుకోవడం మేలు. ఊళ్లో ఉన్న కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) సర్వర్ కూడా నడుస్తూ ఉండాలి.

అసలు చిక్కు ఊళ్లో కంప్యూటర్‌ని అందుకోవడంలోనే ఉంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ అడ్రస్ (బయటి నుంచి నేరుగా చేరగల ఇంటర్నెట్ చిరునామా) ఉండదు. ఒకే అడ్రస్ వెనక కంపెనీ ఎన్నో ఇళ్లను కలిపి పెడుతుంది. బయటి నుంచి నేరుగా లోపలికి దారి దొరకదు. రెండు కంప్యూటర్లలోనూ టెయిల్‌స్కేల్ (కంప్యూటర్ల మధ్య ప్రైవేట్ నెట్‌వర్క్ కట్టే ప్రోగ్రామ్) లాంటిది వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే, ఒక్కోదానికి 100తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. ఆ తర్వాత రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టే మాట్లాడుకుంటాయి. రౌటర్‌లో పోర్టు తెరిచి ఎస్‌ఎస్‌హెచ్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి వదిలేయడం కంటే నేను దీన్నే నమ్ముతాను.

ముందు మామూలు లాగిన్ పనిచేస్తుందో లేదో చూడండి:

ఎస్‌ఎస్‌హెచ్ హోమ్@100.101.102.103

హోమ్ అన్న చోట ఆ కంప్యూటర్‌లోని యూజర్‌నేమ్, అంకెల చోట మీ అడ్రస్ పెట్టుకోండి. మొదటిసారి నమ్మమంటావా అని అడుగుతుంది, ఎస్ అని మూడక్షరాలూ పూర్తిగా కొట్టాలి. ఇది పనిచేయకుండా ఆర్‌సింక్ పనిచేయదు, కాబట్టి ఇక్కడ తేలే వరకు ముందుకు వెళ్లొద్దు.

ఉత్తుత్తి పరుగు

మొదటి కమాండ్ ఇది:

ఆర్‌సింక్ -ఎవిఎన్ ఫోటోలు/ హోమ్@100.101.102.103:బ్యాకప్/ఫోటోలు/

ముందు రాసేది ఎక్కడి నుంచి, తర్వాత రాసేది ఎక్కడికి. వరస తారుమారైతే ఊళ్లోని పాత ఫైళ్లు వచ్చి ల్యాప్‌టాప్‌లోని కొత్తవాటి మీద పడతాయి. పాతదా కొత్తదా అని ఆర్‌సింక్ తనంతట తాను ఆలోచించదు, తేడా ఉందా లేదా అన్నదే చూస్తుంది. అడ్రస్ తర్వాతి కోలన్ మర్చిపోతే అదంతా మీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్న ఫోల్డర్ దారి అనుకుంటుంది, ఊళ్లోకి ఏమీ వెళ్లదు. అవతలి వైపు బ్యాకప్ అనే ఫోల్డర్‌ని ముందే తయారుచేసి ఉంచండి. ఆర్‌సింక్ చివరి ఫోల్డర్ ఒక్కటే తనే చేసుకుంటుంది, దానిపైది లేకపోతే ఎర్రర్ ఇస్తుంది.

ఎన్ అంటే ఉత్తుత్తి పరుగు. ఏం చేయబోతోందో చూపిస్తుంది, చేయదు. వి అంటే ఫైళ్ల పేర్లు చూపించమని. ఎ అంటే లోపలి ఫోల్డర్లతో సహా, పర్మిషన్లు, తేదీలు ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేయమని. ఈ ఎ వదిలేసి, లోపలి ఫోల్డర్ల కోసం -ఆర్ ఒక్కటే పెట్టేవాళ్లు ఉంటారు. అప్పుడు అవతలి ఫైళ్లకి కాపీ చేసిన రోజు తేదీ పడుతుంది. ఆర్‌సింక్ మామూలుగా పోల్చేది ఫైలు సైజు, మార్చిన సమయం, ఈ రెండే. తేదీలు కలవకపోతే ప్రతిసారీ అన్ని ఫైళ్లూ మారినట్టే లెక్క, పనంతా మళ్లీ మొదటికి వస్తుంది.

వచ్చిన జాబితా చూసి తృప్తిగా ఉంటే ఎన్ తీసేసి అదే కమాండ్ మళ్లీ కొట్టండి. పై బాణం నొక్కితే పాత కమాండ్ వస్తుంది. కొత్తగా టైప్ చేయకుండా అందులో ఒక్క అక్షరం తీసేయడమే మంచిది.

చివరి గీత

పై కమాండ్‌లో ఫోటోలు తర్వాత ఏటవాలు గీత ఉంది చూశారా? అది ఉంటే జాడీలోని పచ్చడి పంపినట్టు, లేకపోతే జాడీతో సహా పంపినట్టు. గీత లేకుండా కొడితే అవతల బ్యాకప్/ఫోటోలు/ఫోటోలు అని ఫోల్డర్‌లో ఫోల్డర్ తయారవుతుంది. ఈ గీత పట్టింపు పంపే వైపే. అందుకునే వైపు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. ట్యాబ్ నొక్కి ఫోల్డర్ పేరు పూర్తి చేసుకునే అలవాటు ఉంటే గీత దానంతటదే వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఎంటర్ నొక్కే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

డిలీట్ జోలికి వెళ్లేముందు

ఇంతవరకు చేసిందాంట్లో అవతలి వైపు ఏదీ తొలగిపోదు. ల్యాప్‌టాప్‌లో మీరు తీసేసిన ఫోటో ఊళ్లో అలాగే ఉంటుంది. రెండూ అచ్చంగా ఒకేలా ఉండాలంటే --డిలీట్ చేర్చాలి. అప్పుడు ఇవతల లేనిదల్లా అవతల తీసేస్తుంది.

కొంప మునిగేది ఇక్కడే. ఫోటోలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయనుకోండి. డిస్క్ పెట్టకుండా కమాండ్ కొట్టారు. ఆ డిస్క్ తెరుచుకోవాల్సిన చోట ఖాళీ ఫోల్డర్ ఉంది. ఇవతల ఏమీ లేదు కాబట్టి అవతల కూడా ఏమీ ఉండకూడదని ఆర్‌సింక్ అనుకుంటుంది, మొత్తం ఊడ్చేస్తుంది. అందులో రీసైకిల్ బిన్ ఉండదు.

అందుకే --డిలీట్ ఎప్పుడు వాడినా ముందు ఎన్‌తో ఉత్తుత్తి పరుగు తప్పనిసరి, దానికి -ఐ కూడా చేర్చండి. ప్రతి వరుస ముందు ఏం జరగబోతోందో గుర్తులతో చూపిస్తుంది. ప్లస్‌ల వరుస ఉంటే కొత్త ఫైలు. ఎస్, టి అని ఉంటే సైజు, సమయం మారిన పాత ఫైలు. నక్షత్రం గుర్తుతో (*) డిలీటింగ్ అని ఉన్న వరుసలే మీరు కళ్లు పెట్టి చదవాల్సినవి. అవి మీరు అనుకున్నదానికంటే ఎక్కువ కనిపిస్తే ఆగిపోండి. ఇంకో ఆసరా కూడా ఉంది: --మ్యాక్స్-డిలీట్=20 అని పెడితే 20 కంటే ఎక్కువ తీసేయదు. తీసేసేవాటిని, మారేవాటి పాత కాపీలను పక్కన దాచాలంటే --బ్యాకప్, --బ్యాకప్-డిర్= అని పెట్టి ఇంకో ఫోల్డర్ పేరు ఇవ్వండి. డిస్క్ స్థలం ఖర్చవుతుంది. నా దృష్టిలో అది దండగ కాదు.

నెట్ పోతే

సాయంత్రం అందరూ రూములకి చేరాక పీజీ వైఫై సంగతి తెలిసిందే. అవతల ఊళ్లో కరెంటు పోవచ్చు కూడా. కమాండ్‌కి -పి చేర్చండి, ఇది మాత్రం పెద్దక్షరం. ఎంత వెళ్లిందో చూపిస్తుంది, సగంలో తెగిన ఫైల్‌ని పారేయకుండా ఉంచుతుంది. మళ్లీ అదే కమాండ్ కొడితే పూర్తయినవి వదిలేసి ఆ సగం ఫైల్ నుంచి అందుకుంటుంది.

అదెలాగంటే, అందుకునే కంప్యూటర్ తన దగ్గరున్న ఫైల్‌ని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకి రెండు చెక్‌సమ్‌లు (ముక్కలోని సమాచారం నుంచి తీసిన గుర్తింపు సంఖ్యలు) లెక్కకట్టి పంపే వైపుకి ఇస్తుంది. ఒకటి తేలిగ్గా లెక్కకట్టేది, ఇంకోటి గట్టిది. పంపే వైపు కంప్యూటర్ తన ఫైల్‌లో ఒక్కో బైట్ జరుపుకుంటూ తేలిక చెక్‌సమ్ కలుస్తుందేమో చూస్తుంది. కలిస్తే గట్టిదానితో నిర్ధారించుకుంటుంది. కలిసిన ముక్కని పంపదు, నీ దగ్గరున్న ఫలానా ముక్కే వాడుకో అని చెబుతుంది. మధ్యలో నాలుగు లైన్లు ఇరికినంత మాత్రాన మిగతాదంతా మళ్లీ వెళ్లక్కర్లేదు.

-జెడ్ పెడితే దారిలో కుదించి పంపుతుంది. కోడ్, టెక్స్ట్ ఫైళ్లకి బాగా పనికొస్తుంది. జేపెగ్ ఫోటోలు, ఎంపీ4 వీడియోలు ముందే కుదించినవి, వాటికి ప్రాసెసర్ శ్రమ తప్ప లాభం లేదు. రూమ్మేట్ కాల్‌లో ఉన్నాడని టెన్షన్ అయితే --బిడబ్ల్యులిమిట్=500 పెట్టండి, సెకనుకి దాదాపు 500 కిలోబైట్లు దాటదు.

రోజూ తనంతట తానే

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో తాళంచెవి (కీ) చేసుకుని, ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీతో అవతలికి పంపితే పాస్‌వర్డ్ అడగదు. తర్వాత క్రాన్‌ట్యాబ్ -ఇ (వేళకి కమాండ్లు నడిపే జాబితా) తెరిచి, వరుస మొదట్లో 30 21 * * * అని రాసి పక్కన కమాండ్ పెడితే రోజూ రాత్రి 9:30కి నడుస్తుంది. ఆ వేళకి ల్యాప్‌టాప్ తెరిచి ఉండాలి, మూసి ఉంటే ఆ రోజుకి అంతే. ఫోల్డర్ పేర్లు పూర్తి దారితో రాయండి. తనంతట తాను నడిచే కమాండ్‌లో --డిలీట్ మాత్రం పెట్టొద్దు. నెలకోసారి కూర్చుని చేత్తో చేయండి.

రెండు వైపులా ఫైళ్లు మారుతూ ఉండి, రెండూ కలవాలంటే ఇది సరైన పనిముట్టు కాదు, సింక్‌థింగ్ గానీ యూనిసన్ గానీ చూడండి.

తెలుగు పేర్ల ఫోల్డర్లున్న పాత మ్యాక్ అయితే

తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టుకునేవాళ్లకి ఒక వింత ఎదురవుతుంది. చెన్నై అనే ఫోల్డర్ లినక్స్ డెస్క్‌టాప్‌లో ముందే ఉంది. పాత మ్యాక్‌లోని చెన్నై ఫోల్డర్‌ని పంపారు. అవతల చూస్తే అచ్చంగా ఒకేలా కనిపించే చెన్నైలు రెండు. కారణం ఐత్వం గుర్తు. యూనికోడ్‌లో (అక్షరాలకి సంకేతాలిచ్చే పద్ధతిలో) దాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే పద్ధతిలోని డిస్క్ పేర్లని రెండుగా విడగొట్టి దాచుకుంటుంది. కంటికి ఒకటే, ఆర్‌సింక్‌కి వేర్వేరు పేర్లు. హోమ్‌బ్రూ ఆర్‌సింక్‌తో మ్యాక్ నుంచి పంపేటప్పుడు --ఐకాన్వ్=యూటీఎఫ్-8-మ్యాక్,యూటీఎఫ్-8 అని చేర్చితే దారిలోనే సరిచేస్తుంది. ఇప్పటికే రెండు చెన్నైలు తయారై ఉంటే, రెండింట్లోని ఫైళ్లూ ఒక కొత్త ఫోల్డర్‌లోకి చేర్చి, ఆ రెండూ తీసేసి, కొత్తదానికి లినక్స్‌లోనే చెన్నై అని పేరు పెట్టి, ఆ తర్వాతే ఐకాన్వ్‌తో ఉత్తుత్తి పరుగు మొదలుపెట్టండి.