కయాక్ పాఠాలు – 5: ఎండ తలకెక్కినప్పుడు

కయాక్ (రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ) నడిపేటప్పుడు తాగాల్సిన నీళ్ల గురించి పోయిన పాఠంలో రాశాను. చదివినవాళ్లలో కొందరు చేసినవి వింటే, రాయకపోయినా బాగుండేదేమో అనిపించింది. తప్పు వాళ్లది కాదులెండి, రెండు ముక్కల్లో తేల్చేసిన నాది. "దాహం వేసేదాకా ఆగకండి, తాగుతూ ఉండండి" అన్నాను. ఒకావిడ బయల్దేరే ముందే లీటరున్నర గటగటా తాగేసి, ఇక ఆ పూటకి సరిపోయిందని సీసాను పడవ వెనక అరలో పడేసి మూత బిగించారు. ఒకాయన దానికి పూర్తిగా తలకిందులు: రెండున్నర గంటల్లో ఆరు లీటర్ల ఒట్టి నీళ్లు తాగి, తల పగిలిపోతూ, వాంతి చేసుకుని, ఇదంతా నీళ్లు చాలకే అనుకుని ఇంకో సీసా తెరిచారట. ముగ్గురైతే ఉక్క భరించలేక లైఫ్ జాకెట్ విప్పి ఒళ్లో పెట్టుకున్నారు, అది నేను చెప్పనే లేదు. అందుకే మలుపు తిప్పడం గురించిన పాఠం వాయిదా. ఈసారి అంతా ఎండ గొడవే.

ముందు ఆ ఆరు లీటర్ల సంగతి. చెమటతో నీరొక్కటే కాదు, ఉప్పు కూడా పోతుంది. ఆ ఉప్పు మాట మరిచి ఒట్టి నీళ్లే పోస్తూ ఉంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. అప్పుడు వచ్చేవి కూడా తలనొప్పి, వికారం, అయోమయమే, అచ్చం ఎండకు సోలిపోయినట్టే. ఆయన పొరబడింది అక్కడే. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది కూడా. కాబట్టి ఈసారి అంకెలతో చెబుతున్నాను: 15–20 నిమిషాలకోసారి పావు లీటరు, గంటకు మొత్తం లీటరున్నర ఎట్టి పరిస్థితిలోనూ దాటొద్దు. రెండు గంటలు మించే ప్రయాణమైతే ఒక సీసాలో ఓఆర్ఎస్ ఉండాలి. లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత; మీ దగ్గరున్న ప్యాకెట్ లీటరుదా, చిన్నదా అనేది దాని మీదే రాసి ఉంటుంది, చదివి కలపండి, చేతికొచ్చినంత వేయకండి. బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. నేనైతే రెండు సీసాలు పెట్టుకుంటాను, మూతకు రబ్బరు బ్యాండు ఉన్నది ఉప్పుది. రెండూ డెక్ (పడవ పైభాగం) మీద తాళ్ల కింద కాదు, కాళ్ల మధ్య పడవ అడుగుకు ఆనించి పెడతాను. డెక్ మీద పెట్టిన సీసా గంట తిరిగేసరికి మరిగినట్టు ఉంటుంది, ఇక తాగబుద్ధి కాదు.

అసలు విషయం ఏమిటంటే, తాగినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. తాగిన నీరు చెమట పట్టడానికి సరుకు, అంతే. చల్లబరిచేది ఆ చెమట ఆవిరవడం. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో కేలరీల వేడి పట్టుకుపోతుంది. అదే చెమట గడ్డం మీంచి బొట్లు బొట్లుగా కారిపోతే పోయేది నీరు, ఉప్పు మాత్రమే, చల్లదనం దక్కదు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు జరిగేది ఇదే. ఇటు తెడ్డు వేస్తున్నప్పుడు కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే మిగులుతుంది. పైన లైఫ్ జాకెట్, నడుం కింద స్ప్రే డెక్ (పడవలోకి నీళ్లు రాకుండా నడుం చుట్టూ బిగించి, కూర్చునే గూటిని కప్పే బట్ట). ఆవిరయ్యే దారేది?

గాలి వెనక నుంచి వీస్తుంటే ఇంకా మోసం. పడవ హాయిగా పోతుంది, మీ వేగమూ గాలి వేగమూ ఇంచుమించు ఒకటే అయ్యేసరికి ఒంటికి గాలి తగలదు. ఎదురుగాలిలో రొప్పుతూ వెళ్లినవాళ్ల కంటే వెనకగాలిలో సుఖంగా తిరిగొచ్చినవాళ్లు సొమ్మసిల్లడం నేను ఎక్కువసార్లు చూశాను.

జాకెట్ విప్పిన ముగ్గురికీ ఒకే మాట. కళ్లు తిరిగి నీళ్లలో పడేది ఎప్పుడు? ఎండ తలకెక్కినప్పుడే. సరిగ్గా అప్పుడే జాకెట్ విప్పుతారా? విప్పకండి, తడపండి. టోపీ ముంచి నెత్తిన పెట్టుకోండి, మెడ మీద, ముంజేతుల మీద నీళ్లు చల్లుకోండి, జాకెట్ లోపలికి దోసిలితో పోసుకోండి. చుట్టూ ఉన్నది నీళ్లే కదా.

ఎండకు సోలిపోతున్న లక్షణాలు మీకు తెలిసినవే: తలనొప్పి, వికారం, నీరసం, కండరాలు పట్టేయడం, చర్మం పాలిపోయి జిగటగా ఉండడం, నాడి వేగంగా కొట్టుకోవడం, ఊరికే చిరాకు. వీటి మీద ఎక్కువ రాయను. నన్ను విసిగించేది వేరే ఉంది.

"బాగానే ఉన్నావా?" అనే ప్రశ్న. దయచేసి ఇది అడగడం మానేయండి. దానికి జవాబు ఎప్పుడూ "ఆఁ, బాగానే ఉన్నా" అనే. ఆ మాట అనడానికి మెదడు పనిచేయక్కర్లేదు, నోరు చాలు. ఒకసారి నా ముందు వెళ్తున్న స్నేహితుణ్ని ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ అదే జవాబు. కాసేపటికి వాడి పడవ ఎడమకు లాగేస్తోంది. దగ్గరికి వెళ్లి చూస్తే కుడిచేతి వైపే తెడ్డు వేస్తున్నాడు, రెండో వైపు నీటికి అందకుండానే పైకి లేస్తోంది. టోపీ లేదు. "టోపీ ఏదిరా?" అన్నాను. నెత్తి తడుముకుని, టోపీ ఉన్నట్టే దాని అంచు సర్దుకుని నవ్వాడు. అప్పుడు పుట్టింది నాకు భయం. మనిషి అప్పటికే హద్దు దాటుతున్నాడు. ఒడ్డు దగ్గరే కాబట్టి బతికిపోయాం. మెడదాకా నీళ్లలో కూర్చోబెట్టి ఫోన్ చేశాం, తర్వాత ఆసుపత్రిలోనే తేరుకున్నాడు.

అందుకని జవాబు ఆలోచించి చెప్పాల్సినవి అడగండి. "బయల్దేరి ఎంతసేపైంది?" "ఆఖరుసారి నీళ్లు ఎప్పుడు తాగావు?" "వందలోంచి ఏడు తీసేసి చెప్పు, మళ్లీ ఏడు తీసెయ్." "మనం ఎంతమందిమి?" జవాబు తప్పినా, ఆలస్యమైనా, మాట ముద్దగా వచ్చినా, లేక మామూలుగా శాంతంగా ఉండే మనిషి "నీకెందుకు" అని కసిరినా, అది జవాబే. జోకులేసే మనిషి పావుగంట నుంచి గుంపు వెనక నోరు మెదపకుండా వస్తున్నాడంటే అదీ జవాబే. ఒంటరిగా వెళ్లే అలవాటుంటే (నాకూ ఉంది, ఎండల్లో మానేశాను) మిమ్మల్ని అడిగేవాళ్లే ఉండరని గుర్తుంచుకోండి.

అలా ఎవరైనా దొరికాక చేయాల్సింది ఇది. "ఒడ్డు ఇంకో కిలోమీటరే" అనుకోకుండా తెడ్డు ఆపించండి. మీ పడవ అతని పడవకు ఆనించి, రెండు తెడ్లూ అడ్డంగా పెట్టి, అతని కాక్‌పిట్ (కూర్చునే గూడు) అంచు గట్టిగా పట్టుకోండి. మూడో మనిషి తాడు కట్టి లాగుతాడు. ఒడ్డుదాకా తడుపుతూనే ఉండండి. ఒడ్డెక్కాక నీడ, జాకెట్ విప్పడం, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టడం, ఒళ్లు తడిపి గాలి విసరడం, మెలకువగా ఉంటే గుక్కగుక్కగా నీళ్లు. అరగంటలో తేరుకోకపోతే అత్యవసర సాయం పిలవాలి. తేరుకున్నా ఆ రోజుకి తెడ్డు ముట్టుకోకూడదు.

మాట తడబడితే, తూలితే, ఫిట్స్ వస్తే, స్పృహ తప్పితే అరగంట చూడడం లేదు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు, ఇది అసలైన వడదెబ్బ. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అనకండి, శ్రమ వల్ల వచ్చేదాంట్లో చెమట ధారలు కడుతూనే ఉండొచ్చు. ఒకరు ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు లోతు లేని చోట మెడదాకా నీళ్లలో ఉంచి, తల పైకి పట్టుకుని, వదలకుండా ఉండాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. అయోమయంలో ఉన్నవాళ్ల నోట్లో ఏమీ పోయొద్దు. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

ఇంకా బాగానే ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: ఎండ మండుతున్నా నీరు చల్లగా ఉండొచ్చు. 15 డిగ్రీల లోపు నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీల్చి నీళ్లు మింగేస్తారు. మెల్లగా దిగండి.

సాధన మరిచాను. రెండే. వేసవి మొదట్లో 7 నుంచి 14 రోజులు, రోజూ కాస్త కాస్త సమయం పెంచుతూ ఎండకు ఒళ్లు అలవాటు చేయండి. మొదటి రోజు అరగంట చాలు. రెండోది బద్ధకిస్తారని తెలుసు, అయినా చేయాలి: తెడ్డు వేసే ముందు బరువు చూసుకోండి, సరిగ్గా గంట వేయండి, తాగిన నీళ్లు కొలవండి, మళ్లీ బరువు చూసుకోండి. తగ్గిన కిలోలకు తాగిన లీటర్లు కలిపితే అదే మీ గంట చెమట (మధ్యలో ఒంటికి వెళ్తే అది తీసేయండి). మూడు వేర్వేరు రోజులు చేసి మూడు అంకెలూ రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటితోనే పని. తూగేటప్పుడు రెండుసార్లూ ఒళ్లు తుడుచుకుని, బట్టలు విప్పే తూగండి. తడిసిన చొక్కా లెక్కంతా తారుమారు చేస్తుంది.