పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌ను ఎల్‌డాప్ డైరెక్టరీతో అనుసంధానించడం ఎలా?

పదిమంది పనిచేసే చోట మెయిల్ చిరునామాల మారుపేర్లను ఒక ఫైల్లో రాసుకుని నెట్టుకురావచ్చు. వందలమంది చేరుతూ, మానుతూ ఉండే కాలేజీలోనో కార్యాలయంలోనో ఆ వివరాలు సాధారణంగా ఎల్‌డాప్ డైరెక్టరీలోనే (వ్యక్తుల వివరాలను ఒకేచోట ఉంచి, ఇతర ప్రోగ్రాములు అడిగితే ఇచ్చే వ్యవస్థలో) ఉంటాయి కనుక, అదే జాబితాను మెయిల్ సర్వర్ కోసం మళ్లీ రాసి రెండింటినీ సరిచూసుకుంటూ కూర్చోవడం వృథా శ్రమ. వీట్సె వెనెమా రూపొందించగా 1998లో విడుదలైన పోస్ట్‌ఫిక్స్, ఒక చిరునామా ఇస్తే దానికి సరిపోయే విలువను తిరిగిచ్చే ఏ వనరునైనా లుకప్ టేబుల్‌గానే చూస్తుంది. ఆ టేబుల్ ఫైలా, డైరెక్టరీయా అన్నది దానికి పట్టదు.

ఈ వ్యాసంలో సెట్టింగుల పేర్లను తెలుగు లిపిలో ఇచ్చాము. ఫైల్లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాలతో, మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టి రాయాలి. డైరెక్టరీలోని గుణాల పేర్లను మాత్రం అండర్‌స్కోర్ లేకుండా, అక్కడ ఉన్నట్టే రాయాలి.

మొదట మీ పోస్ట్‌ఫిక్స్‌కు ఎల్‌డాప్ మద్దతు ఉందో లేదో చూడండి. ‘పోస్ట్‌కాన్ఫ్’ ఆదేశాన్ని ‘మైనస్ ఎం’తో నడిపితే వచ్చే జాబితాలో ఎల్‌డాప్ కనిపించాలి. డెబియన్, ఉబుంటులలో ఇది ‘పోస్ట్‌ఫిక్స్-ఎల్‌డాప్’ అనే వేరే ప్యాకేజీగా వస్తుంది.

తరువాత డైరెక్టరీలో ఏ వివరం ఏ పేరుతో ఉందో తెలుసుకోవాలి. ఇక్కడ తొందర పనికిరాదు. ఉదాహరణకు ప్రతి వ్యక్తి ఎంట్రీలో ‘మెయిల్ లోకల్ అడ్రస్’ అనే గుణంలో బయటివారు రాసే చిరునామా, ‘మెయిల్ రౌటింగ్ అడ్రస్’ అనే గుణంలో ఆ ఉత్తరం నిజంగా చేరవలసిన చిరునామా ఉన్నాయనుకుందాం. ఎల్‌డాప్ సర్వర్లలో ఒకటైన ఓపెన్‌ఎల్‌డాప్‌లో ఈ రెండూ ‘మిస్క్’ స్కీమాలో (గుణాల నిర్వచనాల జాబితాలో) ఉంటాయి. ఆ స్కీమా చాలా చోట్ల ముందుగా లోడ్ అయి ఉండదు కనుక చేర్చుకోవలసి రావచ్చు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఒక ఖాతాను ప్రత్యేకంగా సృష్టించి, ‘ఎల్‌డాప్‌సెర్చ్’ ఆదేశంతో అదే ఖాతా మీద వెతికి, ఈ గుణాలు నిజంగా కనబడుతున్నాయని నిర్ధారించుకోండి. డైరెక్టరీ నిర్వాహకుడి ఖాతాను మెయిల్ సర్వర్‌కు ఇవ్వడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఇప్పుడు పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల డైరెక్టరీలో ఈ టేబుల్ కోసం ఒక కొత్త ఫైల్ తెరవండి. ‘సర్వర్ హోస్ట్’లో డైరెక్టరీ సర్వర్ చిరునామా రాయాలి, ఒకటికి మించి రాస్తే పోస్ట్‌ఫిక్స్ వాటిని వరుసగా ప్రయత్నిస్తుంది. ‘సెర్చ్ బేస్’లో వెతకవలసిన శాఖ, ‘క్వెరీ ఫిల్టర్’లో ‘మెయిల్ లోకల్ అడ్రస్’ ఈక్వల్స్ ‘పర్సెంట్ ఎస్’ అనే షరతును కుండలీకరణాలలో, ‘రిజల్ట్ ఆట్రిబ్యూట్’లో ‘మెయిల్ రౌటింగ్ అడ్రస్’ ఇవ్వాలి. ‘పర్సెంట్ ఎస్’ స్థానంలో వెతుకుతున్న చిరునామా వచ్చి చేరుతుంది. అందులో నక్షత్రం గుర్తు వంటివి ఉంటే పోస్ట్‌ఫిక్స్ వాటిని తగినట్టు మార్చి పంపుతుంది కనుక ఫిల్టర్ దారితప్పదు. ‘బైండ్ డీఎన్’, ‘బైండ్ పీడబ్ల్యూ’లలో మీరు సృష్టించిన ఖాతా వివరాలు వస్తాయి. ‘వెర్షన్’ను 3గా, సంభాషణను రహస్యంగా ఉంచే ‘స్టార్ట్ టీఎల్‌ఎస్’ను ‘యెస్’గా పెట్టి, సర్టిఫికెట్ అథారిటీ (సర్వర్ గుర్తింపును ధ్రువీకరించే సంస్థ) ఫైల్ ఎక్కడుందో చెప్పి, ‘టీఎల్‌ఎస్ రిక్వైర్ సర్ట్’ను కూడా ‘యెస్’ చేయండి. ఈ చివరిది మామూలుగా ‘నో’గా ఉంటుంది, అలా వదిలేస్తే సంభాషణ రహస్యంగానే సాగినా, అవతల ఉన్నది మన సర్వరో కాదో తేలదు.

అందరూ దాటవేసే సెట్టింగ్ ‘డొమైన్’. మారుపేర్ల టేబుల్లో పోస్ట్‌ఫిక్స్ పూర్తి చిరునామా కోసం ఒకసారి వెతికి ఊరుకోదు. అది దొరకకపోతే సొంత డొమైన్ల విషయంలో ఉత్త యూజర్ పేరుతో, ఆపైన ‘ఎట్ డొమైన్’ రూపంలో కూడా అడుగుతుంది. ‘డొమైన్’లో మీ డొమైన్ల పేర్లు రాస్తే, వాటికి చెందిన పూర్తి చిరునామాలను మాత్రమే డైరెక్టరీని అడుగుతుంది, మిగతా ప్రశ్నలన్నీ ఆగిపోతాయి. రద్దీ ఉన్న సర్వర్‌లో ఈ ఒక్క వరుస డైరెక్టరీ భారాన్ని ఎంతో తగ్గిస్తుంది. అయితే సర్వర్‌లోని స్థానిక యూజర్ల మారుపేర్లకు వాడే ‘ఎలియాస్ మ్యాప్స్’ కోసం రాసే టేబుల్లో దీనిని పెట్టకూడదు, ఎందుకంటే అక్కడ వెతుకులాట ఉత్త యూజర్ పేరుతోనే జరుగుతుంది.

ఫైల్లో పాస్‌వర్డ్ ఉంది కనుక దాని యజమానిగా రూట్‌ను, గ్రూపుగా పోస్ట్‌ఫిక్స్‌ను ఉంచి, అనుమతులను 640కి మార్చండి. పాత పద్ధతిలో ఇవే వివరాలను పోస్ట్‌ఫిక్స్ ప్రధాన సెట్టింగుల ఫైల్ అయిన ‘మెయిన్ డాట్ సీఎఫ్’లో రాసేవారు, ఆ ఫైల్‌ను మామూలుగా సిస్టంలోని ఎవరైనా చదవగలరు.

ఇక పరీక్ష. ‘పోస్ట్‌మ్యాప్’ ఆదేశానికి ‘మైనస్ క్యూ’, ఒక చిరునామా, ‘ఎల్‌డాప్’ అని రాసి కోలన్ తరువాత కొత్త ఫైల్ పూర్తి దారి ఇస్తే, సరైన గమ్యం తెర మీద రావాలి. ఉన్న చిరునామాతో పాటు లేని చిరునామాతోనూ అడగండి. రెండోదానికి ఏమీ రాకపోవడమే సరైన జవాబు. ఈ రెండూ సరిగా వచ్చేదాకా ‘మెయిన్ డాట్ సీఎఫ్’ జోలికి వెళ్లవద్దు.

ఆ తరువాతే ‘మెయిన్ డాట్ సీఎఫ్’లో, పూర్తి చిరునామాల మారుపేర్లకు వాడే ‘వర్చువల్ ఎలియాస్ మ్యాప్స్’ సెట్టింగ్‌లో ఈ టేబుల్‌ను చేర్చండి. పోస్ట్‌మాస్టర్ వంటి చిరునామాలను ఒక స్థానిక ఫైల్లో ఉంచి, దానిని డైరెక్టరీ కంటే ముందు రాయడం మంచిది. పోస్ట్‌ఫిక్స్ టేబుళ్లను వరుసలో చూస్తూ మొదటి జవాబు దగ్గరే ఆగుతుంది కనుక, డైరెక్టరీ పడిపోయిన రోజున కూడా ఆ ఉత్తరాలు అందుతాయి. టేబుల్ పేరుకు ముందు ‘ప్రాక్సీ’ అని, కోలన్‌తో చేర్చితే, ప్రతి ప్రాసెస్ విడిగా కనెక్షన్ తెరవకుండా కొద్ది కనెక్షన్లనే అన్నీ పంచుకుంటాయి. చివరగా ‘పోస్ట్‌ఫిక్స్ రీలోడ్’ ఇవ్వాలి.

డైరెక్టరీ జవాబివ్వకపోతే పోస్ట్‌ఫిక్స్ దానిని చిరునామా లేనట్టుగా భావించదు. 451 అనే తాత్కాలిక వైఫల్యపు కోడ్‌తో, ‘టెంపరరీ లుకప్ ఫెయిల్యూర్’ అనే మాటతో తిప్పి పంపుతుంది. పంపినవారి సర్వర్ మామూలుగా కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. లాగ్‌లో ఈ మాట కనిపిస్తే చిరునామాలను కాక, డైరెక్టరీ సర్వర్‌ను, దానికి వెళ్లే నెట్‌వర్క్‌ను, సర్టిఫికెట్ గడువును చూడాలి.