తిమింగలాల దినానికి సూర్యలంక వెళ్తున్నారా? బస్సు మాట్లాడే ముందు ఇవి చూసుకోండి

ఫిబ్రవరి మూడో ఆదివారం ప్రపంచ తిమింగలాల దినం. 1980లో హవాయి దీవుల్లో ఎక్కడో మొదలైన ఈ రోజుతో గుంటూరు వాళ్ళకేం పని అని మొదటిసారి మా ఇంట్లోనే నవ్వారు. 2018 నవంబరులో ఇండోనేషియా ఒడ్డుకు ఒక తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది. దాని కడుపులో ఆరు కిలోల దాకా ప్లాస్టిక్ దొరికింది. అందులో కప్పులే 115, సంచులు 25, రెండు హవాయి చెప్పులు కూడా. ఆ లెక్క చదివి వినిపించాక మా నాన్న ఏమీ అనలేదు. పొద్దున్నే టీ తాగి ఆయన కప్పు పడేసేది మా సందు చివరి డ్రైనేజీలోనే. అది ఏ కాలువలో కలుస్తుందో, ఆ కాలువ చివరికి ఎటు పోతుందో ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

అప్పటినుంచి ఏటా ఫిబ్రవరిలో ఒక బస్సు కట్టుకుని బాపట్ల దగ్గర సూర్యలంకకు వెళ్ళి చెత్త ఏరి వస్తున్నాం. విజయవాడ వాళ్ళయితే బందరు దాటి మంగినపూడికో, హంసలదీవికో వెళ్తారు. ఈ వెళ్ళడంలో తిమింగలానికి మనం ఎంత మేలు చేస్తున్నామో గానీ, మనకు మనం కీడు చేసుకునే అవకాశాలు మాత్రం చాలా ఉన్నాయి. మనం కాలువగట్ల మనుషులం. మనలో ఈత వచ్చినవాళ్ళు కూడా కాలువలోనో, చెరువులోనో నేర్చుకున్నవాళ్ళే. ఆ ఈత సముద్రంలో పనికిరాదు. పైగా ఫిబ్రవరి అంటే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. కాబట్టి మనకు దెబ్బ తగలకుండా చూసుకోవాలి, మన కాలి కింద గుడ్లు పగలకుండానూ చూసుకోవాలి.

బయల్దేరే ముందు

అటవీ శాఖ వాళ్ళకు, ఆ ఊరి పంచాయతీకి, మెరైన్ పోలీసులకు ముందే చెప్పండి. నోటిమాటతో సరిపెట్టకుండా ఒక కాగితం రాసి ఇవ్వండి. ఎంతమంది వస్తున్నారు, పిల్లలు ఎందరు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఏరుతారు అన్నది అందులో ఉండాలి. గూళ్ళు ఎక్కడున్నాయో అటవీ శాఖ వాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళు ఇటు రావద్దన్న చోటికి వెళ్ళకండి. సూర్యలంకలో వైమానిక దళ స్థావరం కూడా ఉంది. ఏరుకుంటూ ఏరుకుంటూ ఆ కంచె వైపు పోవద్దు. డ్రోన్ సంగతి అసలు ఎత్తొద్దు. ఫోటోల పిచ్చి ఉన్న కుర్రాడు ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు కాబట్టి ఈ మాట బస్సులోనే గట్టిగా చెప్పండి.

తేదీ ఖాయం చేసే ముందు క్యాలెండర్‌లో తిథి చూడండి. ముహూర్తం కోసం కాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా ఎక్కుతుంది, ఇసుక వెడల్పు తగ్గుతుంది. అలాంటి రోజే పడితే నీళ్ళు వెనక్కి తగ్గే వేళ చూసుకుని పని మొదలుపెట్టండి. ఏ వేళకు తగ్గుతాయో పడవల దగ్గర ఎవరినడిగినా చెబుతారు.

దారి గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నన్నడిగితే మొత్తం ప్రయాణంలో ఎక్కువ భయం అక్కడే. తెల్లారేసరికి ఒడ్డున ఉండాలని అందరూ నాలుగింటికే బయల్దేరతారు. ఆ వేళ పొన్నూరు రోడ్డు మీద పొగమంచు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీదే ఆరబోసిన గింజలు, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళు. బైకుల మీద రావద్దని కుర్రాళ్ళకు ముందే చెప్పేయండి. డ్రైవరు రాత్రి ఇంకో పెళ్ళి ట్రిప్పు వేసి వచ్చాడేమో కనుక్కోండి. ఆరున్నరకు చేరితే కొంపలేమీ మునిగిపోవు.

నీళ్ళ జోలికి పోవద్దు

ఈ ఒక్కదాంట్లో నేను రాజీ పడను. రెండో ఏడు మా వాళ్ళు పని అయిపోయాక, "చేతులు కడుక్కుని వస్తాం అన్నా" అని ఇద్దరు దిగారు. మోకాలి లోతే. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకను లాగేసింది. ఒకడు కూలబడ్డాడు, రెండో అల వాణ్ణి ఇంకాస్త లోపలికి తీసుకుపోయింది. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చి, జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. తర్వాత మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివర్లో మాత్రం ఒక మాట అన్నాడు: "అల విరగని చోట సముద్రం నిద్రపోతోందనుకుంటారు మీరు. అక్కడే అది లాగేది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒడ్డుకు కొట్టిన నీళ్ళు తిరిగి లోపలికి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. అందుకే చూడ్డానికి ప్రశాంతంగా, దిగడానికి అనువుగా కనిపిస్తుంది. అందులో చిక్కినవాళ్ళు ఒడ్డు వైపు ఎదురీది అలిసిపోయి మునుగుతారు. చిక్కితే ఒడ్డుకు అడ్డంగా, అంటే ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఆ లాగుడు దాటాక అప్పుడు ఒడ్డుకు తిరగాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు కాపాడదామని దూకకండి. తాడు గానీ, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్ గానీ విసరండి, మత్స్యకారుల్ని పిలవండి, 112కి ఫోన్ చేయండి.

మేమిప్పుడు బస్సులోనే రెండు డ్రమ్ముల నీళ్ళు, సబ్బు తీసుకెళ్తున్నాం. చేతులు కడుక్కోవడం అక్కడే. పదిమందికి ఒకరు చొప్పున నీళ్ళ వైపు వీపు తిప్పకుండా నిలబడేవాళ్ళను పెడుతున్నాం. వాళ్ళు చెత్త ఏరరు, మనుషుల్నే చూస్తుంటారు. "మేం పని చేయడానికొచ్చాం, కాపలాకు కాదు" అని మొదట్లో మూతి ముడిచినవాళ్ళున్నారు. ఉంటారు.

చేతులు, కాళ్ళు

మందుల షాపులో దొరికే పల్చటి గ్లౌజులు ఒడ్డున పావుగంట కూడా నిలవవు. హార్డ్‌వేర్ షాపులో అరచేతికి రబ్బరు పూత ఉన్నవి దొరుకుతాయి, అవి తీసుకోండి. సిరంజీ, పగిలిన సీసా పట్టకారుతో తప్ప ముట్టుకోవద్దు. వాటిని గోనెసంచిలో వేస్తే మోసేవాడి పిక్కలోకి దిగుతాయి. మందపాటి డబ్బాలో వేసి మూత బిగించండి. మా అమ్మాయికోసారి సూది గుచ్చుకుంది. రక్తం పిండకుండా, సబ్బుతో ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రేపు చూద్దాం అనుకోకండి, ఎందుకంటే కొన్ని మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి. టీటీ ఇంజెక్షన్ సంగతి మాత్రం వారం ముందే చూసుకోవచ్చు.

చెప్పులు కాదు, బూట్లు. వలల్లోంచి తీసి పారేసిన జెల్ల చేపలు ఇసుకలో ఎండి ఉంటాయి. వాటి ముల్లు మేకులాంటిది. జెల్లీఫిష్ చచ్చినట్టు పడి ఉన్నా తాకితే మంటే. తగిలితే రుద్దకూడదు, మంచినీళ్ళు పొయ్యకూడదు, సముద్రపు నీళ్ళతోనే కడగాలి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా 108కి ఫోన్ చేయడమే. వలల్లో పడి ఒడ్డుకొచ్చిన సముద్రపు పాము కదలకపోయినా కర్రతో కూడా కెలకొద్దు, దాని విషం చాలా గట్టిది.

ఇసుకలో సగం పూడిన పాత వల కనిపిస్తే అందరూ కలిసి తాడాట ఆడినట్టు లాగకండి. నడుం పట్టేస్తుంది, కింద గూడుంటే అదీ పోతుంది. పైగా అది పాత వలో, ఎవరైనా ఆరబెట్టుకున్నదో మనకు తెలియదు. అడిగాకే ముట్టుకోవాలి. ఒకసారి ఒక కుటుంబం బతుకుతెరువును చెత్త కింద కట్టేసి బస్సెక్కించబోయాం.

ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, గుంటూరు వాళ్ళకు ఎండ పాఠమా! ఒడ్డున గాలి తగులుతుంటే చెమట తెలియదు, అంతే తేడా. తొమ్మిదిన్నరకు పని ఆపేయండి. ఆడపిల్లలు వచ్చే బృందమైతే బాత్రూములు ఎక్కడున్నాయో ముందే చూసి రండి. అది లేక పొద్దుటినుంచి నీళ్ళు తాగకుండా ఉండి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళను చూశాను.

తాబేళ్ళ కాలం

ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుంది. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలొస్తాయి. ఇసుక వేడిని బట్టే ఆడో మగో తేలుతుంది. ఆ గుడ్డును తీసి అటూఇటూ తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుంది. కాబట్టి "పాపం కుక్కలు తినేస్తాయి" అని మీరు తవ్వి సంచిలో వేసుకోవద్దు. గూడు కనిపిస్తే కొంచెం దూరంలో ఒక కర్ర పాతి, పక్కన మనిషిని నిలబెట్టి, అటవీ శాఖకు చెప్పండి. హేచరీకి, అంటే గుడ్లను కాపాడి పిల్లలు వచ్చేదాకా ఉంచే చోటికి, తరలించే పద్ధతి తెలిసినవాళ్ళు వాళ్ళే.

పొడి ఇసుక మీద ట్రాక్టరు తోలకండి, పళ్ళున్న పార వాడకండి. తీగలు పాకిన ఇసుక దిబ్బల్ని శుభ్రం చేస్తున్నామని పీకేయకండి, ఆ తీగలే ఇసుకను పట్టి ఉంచేవి. రాత్రి బస వద్దు. తప్పదంటే టార్చీలు, చలిమంట వద్దు. పిల్ల తాబేళ్ళు వెలుతురున్న వైపే సముద్రమనుకుని నడుస్తాయి, మన మంట చూసి వెనక్కి తిరుగుతాయి.

చచ్చిన తాబేళ్ళూ కనిపిస్తాయి. వలల్లో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక చచ్చినవే ఎక్కువ. అది చూసి కోపంతో పక్కనున్న మత్స్యకారుల మీద అరిచి, వీడియో తీసిన మా సభ్యుణ్ణి ఆ రోజే ఇంటికి పంపేశాం. తాబేలు వలలో పడితే వాళ్ళకూ నష్టమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుకుని కూర్చునేదీ వాళ్ళే. ఆ పెద్దాయన లేకపోతే మేము శవంతో తిరిగొచ్చేవాళ్ళం.

నిజంగానే తిమింగలం కనిపిస్తే

అరుదే, కానీ జరగదని కాదు. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం ఒడ్డుకు ఒకటి చచ్చి కొట్టుకొచ్చింది. జనం ఎగబడ్డారు, సెల్ఫీలు తీసుకున్నారు. చచ్చిన తిమింగలం లోపల కుళ్ళి గ్యాస్ పట్టి ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. రోగాలు అంటుకునే ప్రమాదమూ ఉంది. కనీసం వంద గజాలు దూరంగా, గాలి మన వైపు నుంచి దాని వైపు వీచేలా నిలబడండి. పక్కన మైనంలా కనిపించే ముద్ద దొరికితే "తిమింగలం వాంతి, కోట్లు" అని జేబులో వేసుకోకండి. మన దేశంలో దాన్ని ఉంచుకోవడం, అమ్మడం నేరం, జైలుకెళ్తారు.

బతికి ఉంటే ఇంకా జాగ్రత్త. ముందు తోక చూడండి. తిమింగలం, డాల్ఫిన్ తోక పడుకోబెట్టినట్టు అడ్డంగా ఉంటుంది, చేప తోక నిలువుగా ఉంటుంది. వీటికి మనలాగే ఊపిరితిత్తులు, తల మీద ముక్కు రంధ్రం. అందులోకి నీళ్ళు, ఇసుక పోకూడదు. తోక పట్టి లాగకూడదు. తోక దగ్గర నిలబడనూ కూడదు, ఒక్క దెబ్బకు ఎముకలు విరుగుతాయి. అటవీ శాఖకు ఫోన్ చేసి, వాళ్ళు వచ్చి చెప్పేదాకా మనం చేయగలిగింది జనాన్ని, కుక్కల్ని దూరంగా ఉంచడం. వాళ్ళు ఫోన్లో సరేనంటే తడిగుడ్డ కప్పి, ముక్కు రంధ్రం వదిలి, నీళ్ళు చల్లుతుండటం.

సముద్రంలోకి తోసేద్దామనే తొందర అందరికీ ఉంటుంది. 2016 జనవరిలో తమిళనాడులో మనపాడు దగ్గర 80కి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డుకొచ్చాయి. పడవలతో లోపలికి లాక్కెళ్ళి వదిలితే కొన్ని మళ్ళీ ఒడ్డుకే వచ్చాయి. 45 దాకా చచ్చిపోయాయి. ఏళ్ళ తరబడి సముద్రం మీద బతికినవాళ్ళకే అలా అయింది.

ఊళ్ళోనే చేసేవాళ్ళకు

సముద్రం దాకా వెళ్ళనక్కర్లేదు, బెజవాడ కాలువగట్టు మీద చేసినా చెత్త చేరేది అక్కడికే. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఏదైనా గట్టు మీదినుంచే పని, నీళ్ళలోకి దిగడం లేదు. పైనుంచి నీళ్ళెప్పుడు వదులుతారో మనకు తెలియదు. ఆ నీళ్ళతో ఎలుకల జ్వరం రావొచ్చు కాబట్టి కాలి మీద పుండ్లున్నవాళ్ళు దూరంగా ఉండండి. బెలూన్లు ఎగరేయొద్దు, అవి ఎక్కడ పడతాయో ఊహించుకోండి. ఫ్లెక్సీ బదులు పాత దుప్పటి మీద రంగుతో రాయించండి, పిల్లలకదే సరదా.

చెత్త ఎవరు తీసుకెళ్తారన్నది ముందే తేల్చుకోండి. మొదటి ఏడు మేము అరవై సంచులు కట్టి, వరసగా పేర్చి, ఫోటో దిగి వచ్చేశాం. మూడు రోజుల తర్వాత వెళ్ళినాయన ఫోన్ చేశాడు. కుక్కలు చింపేసి, గాలికి మొత్తం మళ్ళీ ఒడ్డంతా పరుచుకుందట. ఇప్పుడు ట్రాక్టరు వచ్చి సంచులు ఎక్కించేదాకా బస్సు కదలదు.

బస్సు కదిలే ముందు తలలు రెండుసార్లు లెక్కపెట్టండి, ఇద్దరు వేర్వేరుగా. పోయినేడు నా లెక్క సరిగ్గా సరిపోయింది, మా శాస్త్రిగారి లెక్కలో ఒకరు తక్కువ. చూస్తే మా కుర్రాడొకడు పక్కనే ఆగిన వేరే కాలేజీ బస్సెక్కి వెనక సీట్లో గాఢనిద్రలో ఉన్నాడు. నేను లెక్కపెట్టినవాళ్ళలో బజ్జీలు అమ్మే అబ్బాయి ఉన్నాడు.