ముసలి గుర్రం కడుపులో పుండ్లు: దాణా కాదు, మేత పెంచండి

ఊరేగింపులకు తిప్పే గుర్రం వయసు మీరి చిక్కిపోతుంటే మన విజయనగరం, శ్రీకాకుళం వైపు చాలామంది వెంటనే శనగలూ తవుడూ పెంచేస్తారు. కడుపులో పుండ్లున్న గుర్రానికి అది మేలు చేయకపోగా ఎసరు పెడుతుంది.

గుర్రం తిన్నా తినకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. కల్యాణ మండపం ముందు ముస్తాబు చేసి, ముహూర్తం దాకా ఆరేడు గంటలు మేత లేకుండా నిలబెడితే, జిగురు పూత లేని కడుపు పైసగాన్ని ఆ ఆమ్లం కాల్చేస్తుంది. కింది సగంలో వచ్చే పుండ్ల సంగతి వేరు. కుంటుతోందని రోజుల తరబడి ఇచ్చే ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లూనిక్సిన్ లాంటి నొప్పి మందులు వాటికి దారితీయొచ్చు. ఆ మందులు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. రెండు రకాల నొప్పి మందులు కలిపి ఎప్పుడూ ఇవ్వొద్దు.

దాణా సగంలో వదిలేసి గడ్డి వైపు తిరగడం, పళ్లు నూరడం, జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కరవబోవడం, వెంట్రుకల మెరుపు పోవడం, తిన్నాక కాసేపు కడుపు నొప్పి: ఇవీ లక్షణాలు. ఇవే లక్షణాలు అరిగిన పళ్లకూ, నులిపురుగులకూ ఉంటాయి. ఖాయంగా తేల్చేది 3 మీటర్ల ఎండోస్కోపీ ఒక్కటే. గరివిడి పశువైద్య కళాశాలకు గుర్రాన్ని బండెక్కించే ముందు ఫోన్ చేసి, అంత పొడవు గొట్టం ఉందో లేదో కనుక్కోండి. గుర్రం దొర్లుతున్నా, చెమటలు పడుతున్నా, లద్దె ఆగినా, నిలబడి ఉండగానే నాడి నిమిషానికి 60 దాటినా అది పుండ్ల సంగతి కాదు. క్షణం ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవాలి.

మందు మోతాదుకు బరువు తెలియాలి. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు నుంచి పిర్ర చివరి దాకా పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 150, పొడవు 145 ఉంటే సుమారు 275 కిలోలు.

డాక్టర్లు మామూలుగా రాసేది ఆమ్లం ఊరడం తగ్గించే ఒమెప్రజోల్, కిలోకు 4 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, 28 రోజులు. ఈ గుర్రానికి అది 1,100 మిల్లీగ్రాములు. మనుషుల 20 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లయితే 55 అవుతాయి! పైగా ఆ గుళికల్ని నూరితే పైపూత పోయి ఆమ్లంలోనే మందు పాడైపోతుంది. అందుకే గుర్రాల కోసం చేసిన పేస్టే అడగండి. తెల్లారి, ఇంకేమీ తినకముందు ఇవ్వాలి. రాత్రి మేత బాగా వేసి, తెల్లవారుజాముకు అదే అయిపోయేలా చూసుకుంటే సరి. ముందు నోట్లో నమిలి ఉంచుకున్న గడ్డి తీసేసి, పేస్టు నాలుక వెనక్కి పెట్టి, మింగే దాకా తల కాస్త ఎత్తి పట్టుకోండి. పళ్లు లేని గుర్రం పక్కనుంచి కార్చేస్తుంది, చూసుకోవాలి. 45 నిమిషాలయ్యాక మొదట గడ్డి, ఆ తర్వాతే దాణా. కింది పుండ్లకు, వాటి మీద పూతలా పరుచుకునే సుక్రాల్‌ఫేట్ కూడా రాస్తే, ఒమెప్రజోల్ ఇచ్చాక గంట ఆగి ఇవ్వండి.

మేత లెక్క: ఎండు బరువులో రోజుకు శరీర బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం, అంటే 4 నుంచి 5.5 కిలోలు. పచ్చి మేతలో నీరే ఎక్కువ కాబట్టి, నేపియర్ లాంటిది 10 కిలోలు వేసినా ఎండు లెక్కలో 2 కిలోల చుట్టుపక్కలే. మిగతాది ఎండు గడ్డితో నింపాలి. ఒట్టి వరిగడ్డి మీద వదిలేస్తే పళ్లు అరిగిన ముసలి గుర్రానికి అది పేగులో అడ్డుపడొచ్చు. దొరికితే లూసర్న్ మంచిది, అందులోని కాల్షియం ఆమ్లాన్ని విరుస్తుంది. వరి కోతల తర్వాత మన పొలాల్లో చల్లే పిల్లిపెసర కూడా కలపొచ్చు. జనుము మాత్రం పశువులు తింటాయి కదా అని గుర్రానికి వేయొద్దు, ముఖ్యంగా కాయలు పట్టాక. గుర్రానికి అది విషం.

శనగలు నానబెట్టి, పూటకు అరకిలో దాటకుండా, రెండు మూడు పూటలుగా పెట్టండి. బెల్లం, గంజి, విందులో మిగిలిన అన్నం పూర్తిగా ఆపేయాలి. నీళ్లు ఎప్పుడూ ముందుండాలి.

నమిలిన గడ్డిని ఉండలుగా ఉమ్మేస్తుంటే పళ్లే కారణం. ఆరు నెలలకోసారి డాక్టరు చేత మొనలు ఆకురాయితో అరగదీయించాలి. గడ్డిని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి తడిపి పెట్టండి. మరీ పొడి చేస్తే నమలదు, లాలాజలం రాదు.

నెల తర్వాత మందు ఒక్కసారిగా ఆపితే ఆమ్లం రెట్టించి ఊరొచ్చు. డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించాలి. ఆ మధ్యలో దాణా మళ్లీ వదిలేస్తే పాత మోతాదుకు వెళ్లాలా అని అడగండి. మొదటి రెండు వారాల్లో తిండిలో ఏ మార్పూ లేకపోతే రోగం వేరేదై ఉండొచ్చు, మళ్లీ చూపించాలి.

పనిలోకి దించాక, ఊరేగింపుకు అరగంట ముందు గుప్పెడు లూసర్నో ఎండు గడ్డో నమిలించండి. పరుగులో ఎగసే ఆమ్లాన్ని కడుపులో ఉన్న గడ్డి ఆపుతుంది. మండపం దగ్గర నిరీక్షణ ఎంతసేపైనా, పూలదండల పక్కనే మేత వల కూడా కట్టండి. పెళ్లివారు ఫొటోలకు అడ్డమంటే ఫొటో అయ్యే దాకా తీసి, మళ్లీ తగిలించండి.