బైక్ ఆయిల్, ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? మీ బండి లెక్క మీరే కట్టుకోండి

ఆయిల్ ఎప్పుడు మార్చాలని అడిగితే తలా ఒక మాట చెప్తారు. రెండు వేలకే మార్చెయ్యమని ఒకరు, ఐదు వేల దాకా ఏం కాదని ఇంకొకరు, నల్లబడితే చాలు తీసెయ్యమని మరొకరు. ఇవన్నీ వింటే టెన్షన్ పెరగడమే తప్ప జవాబు దొరకదు, ఎందుకంటే ఒకే మోడల్ బండి ఇద్దరి దగ్గర ఉన్నా వాళ్లు నడిపే తీరు వేరైతే ఆయిల్ మార్చాల్సిన సమయం కూడా వేరవుతుంది. అందుకే ఒక్క అంకె చెప్పి ఊరుకోకుండా, ఆ అంకెను మీ బండికి ఎలా సరిచూసుకోవాలో చెప్తాను.

మొదట బండితో పాటు ఇచ్చిన మాన్యువల్ తీయండి. చాలామంది ఆ పుస్తకాన్ని కవర్‌లోంచి కూడా తియ్యరు. అందులో సర్వీస్ పట్టిక ఉంటుంది, ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు, ఫిల్టర్ ఎప్పుడు, ఏ గ్రేడు (ఆయిల్ చిక్కదనం ఎంతో చెప్పే గుర్తు), ఎంత పడుతుంది, అన్నీ అక్కడే ఉంటాయి. పుస్తకం పోయినా చాలా కంపెనీల సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. అదీ దొరకని పాత బండి అయితే స్థూలంగా ఈ లెక్క పెట్టుకోండి: మినరల్ ఆయిల్ (ముడి చమురును శుద్ధి చేసి తీసే మామూలు రకం) పోస్తే 2,000 నుంచి 3,000 కిలోమీటర్లు, సెమీ సింథటిక్ (మినరల్, సింథటిక్ కలిపినది) అయితే 3,000 నుంచి 5,000, ఫుల్ సింథటిక్ (ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా తయారుచేసినది) అయితే 5,000 లేదా కొంచెం పైన. కొన్ని పెద్ద ఇంజన్లకు కంపెనీలే 10,000 కిలోమీటర్ల దాకా ఇస్తాయి, కానీ అది ఆ ఇంజన్‌కీ, అందులో పట్టే ఆయిల్‌కీ సరిపోయే లెక్క. ఖరీదైన సింథటిక్ పోశాం కదా అని చిన్న బండిని అంత దూరం లాగకండి.

కారుకు అన్ని వేల కిలోమీటర్లు వస్తుంటే బైక్‌కి ఎందుకు రాదని అడుగుతారు. కారులో ఇంజన్ ఆయిల్ వేరు, గేర్ బాక్స్ ఆయిల్ వేరు. చాలా బైకుల్లో ఇంజన్, క్లచ్ ప్లేట్లు, గేర్లు మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి పనిచేస్తాయి. గేర్ల పళ్ల మధ్య పడి ఆయిల్ నలిగిపోతుంది, దాని చిక్కదనాన్ని నిలబెట్టే పాలిమర్లు తెగిపోతాయి, దాంతో ఆయిల్ పలచబడుతుంది. క్లచ్ ప్లేట్లు అరిగిన పొడి కూడా అందులోనే కలుస్తుంది. పైగా చిన్న బైక్‌లో ఉండేది దాదాపు ఒక లీటరే, అదే కారులో మూడు నాలుగు లీటర్లు ఉంటుంది. అంత కొంచెం ఆయిల్ మీద ఇంత పని పడుతుంది కాబట్టే త్వరగా అలిసిపోతుంది. మొన్నటిదాకా మెత్తగా పడిన గేర్లు గట్టిగా పడుతున్నా, న్యూట్రల్ దొరకడం కష్టమైనా, ముందు క్లచ్ కేబుల్ సరిగా ఉందో లేదో చూసి, ఆ వెంటనే ఆయిల్‌ని అనుమానించండి.

కిలోమీటర్ల కంటే నేను ఎక్కువగా చూసేది బండి ఒక్కో ట్రిప్పులో ఎంత దూరం తిరుగుతుందన్నది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అందులో కొంత, మండకుండా మిగిలిన కొంచెం పెట్రోలుతో పాటు, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కి కాసేపు అలాగే తిరిగితే ఆ తేమ ఆవిరై బయటికి పోతుంది. మూడు కిలోమీటర్లు పోయి ఆపేస్తే పోదు. రోజూ అలాగే జరిగితే ఆయిల్‌లో నీళ్లు, ఆమ్లాలు చేరి మడ్డి కడుతుంది. అందుకే ఇంటి నుంచి ఆఫీసుకు మూడు కిలోమీటర్లు తిరిగే బండిలో 2,000 కిలోమీటర్లకు ఉండే ఆయిల్ కంటే, హైవే మీద నిలకడగా 4,000 కిలోమీటర్లు పరిగెత్తిన బండిలోని ఆయిలే బాగుండవచ్చు.

చిన్న చిన్న ట్రిప్పులు, ఎప్పుడూ ట్రాఫిక్‌లో ఆగి కదిలే ప్రయాణం, దుమ్ము రోడ్లు, బాగా ఎండ, నిత్యం ఇద్దరు మనుషులూ సామానూ, వీటిలో రెండు మీకు వర్తిస్తే మాన్యువల్ అంకెలో మూడో వంతు తగ్గించండి. మూడు నాలుగు వర్తిస్తే సగానికి దించేయండి. ఇది నా లెక్క, నా బండ్లకు ఇలాగే చేస్తాను. దుమ్ములో నడిపితే సర్వీస్ తరచుగా చెయ్యాలని చాలా మాన్యువల్స్‌లోనూ రాసి ఉంటుంది. అసలు తిరగని బండికి కూడా ఏడాదికి ఒకసారి ఆయిల్ మార్చాలి, మాన్యువల్ ఆరు నెలలంటే ఆరు నెలలకే. బండిని కొన్ని నెలలు పక్కన పెట్టేవాళ్లు మళ్లీ తీసేటప్పుడు మారుద్దామనుకుంటారు, కానీ పెట్టే ముందే మార్చడం మంచిది. పాత ఆయిల్‌లోని ఆమ్లాలు, తేమ అన్ని నెలలూ బేరింగుల మీద కూర్చుని ఉండకుండా పోతాయి.

కొత్త బండి మొదటి సర్వీస్ మాత్రం వాయిదా వెయ్యకండి. సాధారణంగా 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కొత్త భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకునేటప్పుడు సన్నటి లోహపు రజను రాలి ఆయిల్‌లో చేరుతుంది. అది ఆ మొదటి ఆయిల్‌తోనే బయటికి పోవాలి.

ఇక రంగు సంగతి. నల్లబడటం ఒక్కటే చూసి ఆయిల్ చెడిందని చెప్పలేం. మసిని పట్టి తనలో ఉంచుకోవడం ఆయిల్ చేయాల్సిన పనే, కాబట్టి కొంత దూరం తిరిగాక నల్లబడక తప్పదు. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పాలు కలిపిన టీ రంగులోకి వచ్చిందంటే నీళ్లు కలిశాయని, రేడియేటర్ ఉన్న బండి అయితే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఆయిల్‌లోకి దిగుతోందేమో మెకానిక్‌కి చూపించాలి. గేజ్ (ఆయిల్ లెవల్ చూసే పుల్ల) వాసన చూస్తే పెట్రోలు బాగా కొడుతోందంటే కార్బురేటర్ వైపో ఇంజెక్టర్ వైపో సమస్య ఉండొచ్చు. వేళ్ల మధ్య రాసి వెలుతురులో చూస్తే మెరుపులు కనిపిస్తే ఆయిల్ మార్చి ఊరుకోకూడదు, మెకానిక్‌కి చూపించాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట, మార్చడానికీ మార్చడానికీ మధ్య లెవల్ చూడటం. నా మొదటి బండికి కిలోమీటర్ల లెక్క తప్పకుండా పాటించాను, కానీ మధ్యలో ఒక్కసారీ గేజ్ తీసి చూడలేదు. ఒకసారి మార్చే రోజున డ్రెయిన్ చేస్తే సగం కూడా రాలేదు, ఎక్కడా కారిన మరక లేదు, అంతా మండిపోయింది. అప్పటి నుంచి 500 కిలోమీటర్లకోసారి గేజ్ చూడటం అలవాటు చేసుకున్నాను, ఇంజన్ పాతబడేకొద్దీ ఇది ఇంకా అవసరం. చూసే పద్ధతి ఇది: ఇంజన్‌ని మూడు నిమిషాలు తిప్పి ఆపండి, రెండు మూడు నిమిషాలు ఆగండి, బండిని చదునైన చోట నిటారుగా నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. గేజ్ తుడిచి మళ్లీ పెట్టేటప్పుడు చాలా బండ్లలో మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నిటిలో బిగించి చూడాలి, మీ బండికి ఏదో మాన్యువల్‌లో ఉంటుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు. పై గీత దాటి పోస్తే ఆయిల్ నురగ కడుతుంది, బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ బాక్సులోకి వస్తుంది, సీళ్ల దగ్గర కారుతుంది.

ఫిల్టర్ విషయంలో ముందు మీ బండిలో ఏ రకం ఉందో తెలుసుకోండి. కొన్నిటిలో పక్క మూత లోపల కాగితం ఫిల్టర్ ఉంటుంది, కొన్నిటిలో బయట డబ్బాలా బిగించేది ఉంటుంది. చాలా చిన్న ఇంజన్లలో ఈ రెండూ ఉండవు, జల్లెడలాంటి స్ట్రెయినర్, వేగంగా తిరుగుతూ మడ్డిని అంచులకు విసిరే ఒక గిన్నె మాత్రమే ఉంటాయి. వాటిని మార్చరు, మాన్యువల్ చెప్పిన దూరానికి విప్పి శుభ్రం చేస్తారు. కాగితం, డబ్బా ఫిల్టర్లను రెండు ఆయిల్ మార్పులకు ఒకసారి మార్చమని కొన్ని మాన్యువల్స్ చెప్తాయి. నా మాట అడిగితే ప్రతిసారీ మార్చండి. పాత ఫిల్టర్‌లో మిగిలిన మురికి ఆయిల్ కొత్తదానిలో కలుస్తుంది. ఇంకోటి, ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్ ఎండిపోకుండా బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్‌ని వడకట్టకుండానే లోపలికి పంపుతుంది, అది జరుగుతున్నట్టు మీకు బయటికి ఏమీ తెలియదు.

ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద జాసో (JASO, జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి, తడి క్లచ్, అంటే ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ ఉన్న బైక్‌కి అదే కావాలి. ఎంబీ అని ఉన్నది గేర్లు లేని స్కూటర్లకు. కారు ఆయిల్ పొయ్యకండి. ఇంధనం ఆదా చేస్తుందని రాసి ఉన్నవాటిలో రాపిడి తగ్గించే పదార్థాలు ఉంటాయి, వాటితో క్లచ్ జారిపోవచ్చు. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 లాంటి గ్రేడు మాన్యువల్‌లో ఏముంటే అదే, చిక్కగా ఉంటే ఇంజన్‌కి మంచిదని మీ అంతట మీరు మార్చకండి. స్కూటర్ వాళ్లకు ఒక మాట: వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరుగా ఉంటుంది, దాన్ని మరిచిపోతుంటారు.

ఇంట్లోనే మార్చుకునేవాళ్లు ఇంజన్‌ని మూడు నాలుగు నిమిషాలు తిప్పి గోరువెచ్చగా చేయండి, కాగిపోయేంత వేడి వద్దు. గ్లవ్స్ వేసుకోండి, వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. కింద తట్ట పెట్టి, ముందు పై మూత తీయండి, గాలి లోపలికి పోయి ఆయిల్ ధారగా దిగుతుంది. డ్రెయిన్ బోల్ట్‌కి సరిగ్గా పట్టే పానాయే వాడండి, వదులుగా ఉన్నది పెడితే బోల్ట్ మూలలు అరిగిపోతాయి. పది నిమిషాలు వదిలేయండి. బోల్ట్ చివర అయస్కాంతం ఉంటే బూడిదరంగు పేస్టులా కొంచెం అంటి ఉండటం మామూలే, ముక్కలు ఉంటే మామూలు కాదు. బోల్ట్ వాషర్ కొత్తది వేయండి. బోల్ట్ బిగించేటప్పుడు బలం చూపించకండి, ఇంజన్ కేసు అల్యూమినియం, త్రెడ్ పోయిందంటే ఆయిల్ మార్పు కంటే చాలా పెద్ద పని మీద పడుతుంది. టార్క్ పానా (ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే పానా) ఉంటే మాన్యువల్ అంకెకు పెట్టి బిగించండి.

కాగితం ఫిల్టర్ తీసేటప్పుడు అది ఏ వైపు తిరిగి ఉందో, స్ప్రింగ్ ఎటు ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తిరగేసి పెడితే ఆయిల్ దారి మూసుకుపోయి ఇంజన్ పాడైపోయే ప్రమాదం ఉంది. మూత ఓ-రింగ్‌కి (ఆయిల్ కారకుండా ఉండే గుండ్రటి రబ్బరు రింగు) కొత్త ఆయిల్ రాసి పెట్టండి. డబ్బా రకమైతే పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోలేదని చూసుకోండి, రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే ఆయిల్ అంతా కారిపోతుంది.

పోసేటప్పుడు మాన్యువల్‌లో రెండు మూడు అంకెలు కనిపిస్తాయి: ఆయిల్ ఒక్కటే మార్చినప్పుడు, ఫిల్టర్‌తో కలిపి మార్చినప్పుడు, ఇంజన్ మొత్తం విప్పినప్పుడు. చాలామంది చివరి అంకె చూసి ఎక్కువ పోసేస్తారు. మీ అంకె కంటే కొంచెం తక్కువ పోసి, ఇంజన్‌ని ఒక నిమిషం రేస్ చెయ్యకుండా తిప్పి ఆపి, మూడు నిమిషాలు ఆగి, లెవల్ చూసి మిగిలింది పొయ్యండి. ఆయిల్ లైటు ఉన్న బండి అయితే స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లలో అది ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి.

తీసిన ఆయిల్‌ని డ్రైనేజీలోనో మట్టిలోనో పొయ్యకండి, ఆ కొంచెమే చాలా నీటిని పాడు చేస్తుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. మీటర్ రీడింగ్, తేదీ, ఆయిల్ గ్రేడు ఒక కాగితం మీద రాసి సీటు కింద పెట్టండి. మర్నాడు పొద్దున బండి కింద నేల మీద, డ్రెయిన్ బోల్ట్ చుట్టూ, ఫిల్టర్ మూత చుట్టూ తడి ఉందేమో ఒకసారి గుడ్డతో తుడిచి చూడండి.